కోటవైపు తిరగని మెడ

సైమి కుయిస్మ మెడ కాస్త కుడివైపుకు తిరిగి ఉండేది. పుట్టుకతో అలా లేదు. ఏళ్ళ తరబడి అటే తిప్పి నడిస్తే చివరికి మెడ అక్కడే నిలిచిపోయింది.

ఆమె పనికి వెళ్ళే దారి సరస్సు ఒడ్డున సాగుతుంది. ఆ దారిలో కోట ఎడమవైపున ఉంటుంది, నీళ్ళను ఆనుకుని, ఎర్రగా, కిటికీలు తక్కువగా. సైమి రుమాలును ఎడమ చెంప మీదికి లాక్కుని, కుడివైపు ఇళ్ళ గోడలు చూసుకుంటూ నడిచేది. సాయంత్రం ఆ దారిన తిరిగి వచ్చేది కాదు. కట్టెల గోదాముల వెనక సందుల్లో పడి, చుట్టూ తిరిగి గదికి చేరేది. చలికాలం సరస్సు గడ్డకట్టాక ఊరంతా మంచు మీద అడ్డదారిన నడుస్తుంది. పాలవాడు, పాస్టరు, బడిపిల్లలు, అందరూ. సైమి మాత్రం నేల మీద చుట్టుదారి పట్టేది.

కోటను చూడకుండా మా ఊళ్ళో బతకడం సులభం కాదు. ఊరి పేరు హామీన్‌లిన్న. లిన్న అంటే కోట. ఉత్తరం మీద చిరునామా రాసినా కోట అని రాయాలి. సబ్బు కాగితం మీద కోట, బీరు సీసా మీద కోట, బడి జెండా మీద కోట. సైమి సబ్బు కొనగానే కాగితం విప్పి పొయ్యిలో పడేసేది.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెకు ఎడమ చెవి వినపడదనుకునేవారు. ఆ పక్క నుంచి గట్టిగా అరిచి మాట్లాడేవారు. ఆమె అభ్యంతరం చెప్పేది కాదు. పాతవాళ్ళకు సంగతి తెలుసు. తెలిసినా ఎవరూ ఎత్తేవారు కాదు. ఒక మనిషి గురించి తెలిసిన విషయాన్ని ఆ మనిషి ముందు ఎత్తకపోవడం మా వైపు మర్యాద. ఆ మర్యాద చాటున సైమి చాలా ఏళ్ళు ఎవరితోనూ మాట్లాడకుండా బతికింది.

యుద్ధం రోజుల్లో ఆ కోట ఆడవాళ్ళ జైలు. అంతకు ముందు కూడా చాలా కాలం జైలే. ఇంకా ముందు ధాన్యం కొట్టు, దానికి ముందు సైనికుల బస, అన్నిటికన్నా ముందు రాజుల మనుషులు. రాజులు ఎప్పుడో ఓసారి వచ్చి ఒక రాత్రి పడుకుని పోయారు. ఆడఖైదీలు ఏళ్ళకు ఏళ్ళు ఉన్నారు. బడిలో మాత్రం రాజుల గురించే చెప్పారు.

సైమి లోపలికి పోయింది ఒక జత బూట్ల కోసం. ఆ రోజుల్లో ఫిన్లాండంతా కాగితం చెప్పులు తొడిగేది, కింద చెక్క. వర్షానికి కాగితం నానితే అడుగు మాత్రం చేతికొచ్చేది. సైమి ఒక వెన్న తీసే కేంద్రంలో పనిచేసేది. రేషన్ వెన్నను కొంచెం కొంచెంగా బయటికి తెచ్చి అమ్మింది. ఆకలికి అమ్మానని చెబితే న్యాయమూర్తి కాస్త తగ్గించేవాడేమో. ఆమె ఉన్న మాట చెప్పింది. తోలు బూట్లు కావాలంది. బూట్లు కోర్టు బల్ల మీదే ఉన్నాయి. ఒక్కసారే తొడిగింది వాటిని.

ఆమె సొంత ఊరు తూర్పున, కరేలియాలో. కైస్లా అనే పల్లె, సరస్సు ఒడ్డున. తూర్పు పొరుగు దేశంతో మొదటిసారి యుద్ధం వచ్చిన చలికాలంలో అందరూ ఇళ్ళు వదిలి రావలసి వచ్చింది. తల్లి బండి మీద కూర్చుంది. తమ్ముడు ఆర్మస్ గుర్రాన్ని తోలాడు. సైమి చేతికి ఆవు తాడు ఇచ్చారు. ఆవు ఇంటివైపు లాగుతుంటే సైమి రోడ్డువైపు లాగింది. అలా లాగుతూనే మలుపు దాటింది. మలుపు దాటాక ఇల్లు కనబడదు. తిరిగి చూడటానికి ఆవు ఆమెకు సందు ఇవ్వలేదు.

కోటలో ఉండగా ఒక శరత్కాలం మధ్యాహ్నం, వార్డరు తెక్ల ఆల్రూస్ వసారాలో నిలబడి పత్రికలోంచి చదివింది. శాంతి కుదిరింది. సరిహద్దు మారింది. ఏ ఏ ఊళ్ళు అవతలికి పోయాయో చదివింది. కరేలియా ఆడవాళ్ళు తలెత్తకుండా విన్నారు. చేతుల్లో సైనికుల కోసం అల్లుతున్న ఊలు తొడుగులు ఉన్నాయి. చదవడం అయ్యాక మళ్ళీ అల్లారు.

ఆ వారమే సైమి చెంచా కాడతో గోడ మీద ఇల్లు గీసింది. మంచం తలాపున, దిండు అడ్డం పెడితే కనబడని చోట. ఇల్లు, మెట్లు, మెట్ల పక్కన రెండు భూర్జ చెట్లు, ఏతం బావి, ఒడ్డున బోర్లించిన పడవ. పొగగొట్టం పెద్దదైపోయింది. గదిలో తోడున్న ఫన్ని అనే ముసలామె, దొంగసారా కాసి వచ్చిన మనిషి, అది చూసి పక్కున నవ్వింది.

"ఏంటే ఇది, ఇల్లా ఓడా? పొగగొట్టం అంతుంది!"

"మాకు చలెక్కువ," అంది సైమి.

వసంతంలో గదులకు సున్నం వేయించారు. ఆ గోడకు సైమి చేతే వేయించారు. ఆమె బ్రష్షు ముంచి, ముందు పడవ మీద పూసింది, తర్వాత బావి మీద, చివరికి పొగగొట్టం మీద.

విడుదలకు ముందు రోజు ఫన్ని ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. కోటలో ఆడవాళ్ళందరూ ఒకరికొకరు చెప్పుకునే మాటే అది.

"గేటు దాటాక వెనక్కి చూడకు. చూశావా, మళ్ళీ పిలుస్తుంది. నన్ను పట్టించింది పోలీసులనుకుంటున్నావా? కాదే అమ్మాయ్. కిందటిసారి గేటు దాటాక ముక్కు తుడుచుకోడానికి తల తిప్పా. అంతే."

"ముక్కు కారితేనో?"

"కారనీ. ఊరు దాటేదాకా కారనీ."

మిగిలినవాళ్ళకు ఆ నియమం పాటించడం కష్టం కాదు. గేటు దాటి, స్టేషన్‌కు పోయి, రైలెక్కితే కోట దానంతటదే వెనక్కి పోతుంది. సైమి కూడా స్టేషన్‌కు పోయింది. టికెట్ కిటికీ దగ్గర నిలబడింది.

"ఎక్కడికమ్మా?"

"కైస్లా."

గుమస్తా తలెత్తి చూశాడు. "అది సరిహద్దు అవతలికి పోయిందమ్మా."

"తెలుసు."

"తెలిసి ఎందుకు అడుగుతున్నావ్?"

"ఎంత అంటారో విందామని."

గుమస్తా తన పుస్తకం వైపు చూశాడు గానీ తెరవలేదు. "ఇప్పుడు దానికి ధర లేదు," అన్నాడు.

తల్లి అప్పటికే పోయింది. పడమటి తీరంలో ఎవరో రైతు ఇంటి వెనక గదిలో పోయింది. ఆర్మస్ యుద్ధంలోనే పోయాడు. సైమి స్టేషన్ బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చుంది. బల్లకు ఎదురుగా గోడ మీద ఒక చీటీ అంటించి ఉంది. ఒడ్డున ఉన్న ఆవిరి స్నానశాలలో ఒళ్ళు రుద్దే మనిషి కావాలి.

స్నానశాల నడిపే విధవరాలు ఆమె మొహం చూడలేదు. "చేతులు చూపించు," అంది. చేతులు ఎర్రగా, వాచి, వేళ్ళ దగ్గర చర్మం చీలి ఉన్నాయి.

"ఎక్కడ చేశావ్?"

"కోటలో. బట్టలు జాడించేదాన్ని, సరస్సు మంచులో కోసిన కన్నం దగ్గర."

"రేపు పొద్దున్నే రా."

అలా ఆమె ఊరు దాటలేదు. కోట వెనక్కి పోలేదు. ఎక్కడికి వెళ్ళినా పక్కనే ఉంది. వెనక్కి చూడకూడదన్న నియమం ఊరు దాటేదాకానే గదా. సైమికి ఆ దాటడం అనేది ఎప్పటికీ రాలేదు.

గది తీసుకునేటప్పుడు పెరటివైపు కిటికీ ఉన్నది అడిగింది. కట్టెల కొట్టం కనబడే గది. ఇంటివాడు ఆశ్చర్యపోయాడు. "సరస్సు కనబడే గది కూడా ఖాళీయే కదమ్మా, అద్దె కూడా అంతే," అన్నాడు. "కట్టెలు చాలు," అంది.

స్నానశాలలో ఆమె పని అందరికీ నచ్చింది. ఆవిరి గదిలో చెమటపట్టి వచ్చిన ఆడవాళ్ళు చెక్క బల్లల మీద బోర్లా పడుకుంటే, సబ్బు నురగ చేసి, గట్టి బ్రష్షుతో పాదాల నుంచి మెడ దాకా రుద్ది, రెండు బకెట్ల నీళ్ళు పోసి లేపేది. ఆవిరి గదిలో ఒంటిని కొట్టుకునే ఆకుల కట్టకు ఆమె తూర్పు పేరు వాడేది. మా వైపు పేరు వేరు. ఆ ఒక్క మాట మీదే ఆడవాళ్ళు ఆమెతో ఎగతాళి ఆడేవారు.

"సైమక్కా, ఇన్నేళ్ళొచ్చాయి, ఇంకా మా మాట నేర్చుకోలేదా?"

"మీ మాటతో కొడితే చెమట పట్టదు," అనేది.

అంతవరకే నవ్వులు. ఆవిరి నుంచి వచ్చి ఆడవాళ్ళు రేవు మీదికి పరిగెత్తి నీళ్ళలో దూకేవారు. చలికాలమైతే మంచులో కోసిన కన్నంలో మునిగేవారు. సైమి కూడా పని ముగిశాక మునిగేది. రేవు మెట్లు వెనక్కి నడుస్తూ దిగేది, కోటకు వీపు పెట్టి. నీళ్ళలోంచి పైకి వచ్చినప్పుడు కళ్ళు మూసుకునే వచ్చేది.

వీపులు రుద్దేటప్పుడు సైమి ఇంటికి వెళ్ళేది. చేతులు ఇక్కడ, తాను అక్కడ. ఒడ్డున బోర్లించిన పడవ దగ్గర మొదలయ్యేది. బాట ఎక్కేది. ఏతం బావి దాటేది. మెట్ల దగ్గర భూర్జ చెట్లు రెండూ ఎడమవైపున. మధ్య మెట్టు కిర్రుమంటుంది. తలుపు, పొయ్యి, పొయ్యి అరుగు మీద తల్లి కాఫీ మర. ఒక వీపు పూర్తయ్యేసరికి లోపలి గది దాకా వెళ్ళి వచ్చేది. ఆ ఇంటి ఫొటో ఒక్కటీ లేదు. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళలో ఆమె తప్ప ఎవరూ మిగల్లేదు. ఇల్లు తగలబడిందో, అందులో ఇంకెవరైనా ఉంటున్నారో ఆమెకు తెలియదు.

తెక్ల ఆల్రూస్ ప్రతి శనివారం వచ్చేది. వార్డరు పని నుంచి పింఛను తీసుకుని, పెళ్ళి లేదు, పిల్లలు లేరు, వంతెన దగ్గర ఒక గదిలో ఒంటరిగా ఉండేది. పొడుగైన మనిషి. వయసు మీద పడ్డా నడుము వంగలేదు. మొదటి శనివారం సైమి బల్ల ఖాళీ అయ్యేదాకా నిలబడి, వచ్చి పడుకుంది. ఇద్దరూ గుర్తుపట్టనట్టే ఉన్నారు. తర్వాత అదే అలవాటైంది. ఇన్నేళ్ళలో వాళ్ళ మధ్య రెండే మాటలు.

"గట్టిగా."

"చాలు."

ఖైదీ చేయి వార్డరు వీపు మీద నడుస్తోందన్న సంగతి మిగతా బల్లల మీది ఆడవాళ్ళందరికీ తెలుసు. వాళ్ళు బంగాళాదుంపల ధర గురించి మాట్లాడుకునేవారు.

తర్వాత జైలును కోటలోంచి తీసేశారు. ఆడవాళ్ళను పక్క భవనంలోకి మార్చారు. కోట కొన్నాళ్ళు ఖాళీగా ఉంది. పావురాలు చేరాయి. అటుపైన రాజధాని నుంచి చదువుకున్నవాళ్ళు వచ్చారు. కోటను మునుపటిలా చేస్తామన్నారు. మునుపటి అంటే ఎప్పటిలా అని ఊళ్ళో ఎవరూ అడగలేదు. తాపీ మేస్త్రులకు పని దొరికింది, అది చాలు. జైలు తలుపులు పీకారు. కిటికీల చువ్వలు కోశారు. గదులకు పట్టిన సున్నం పొరలను ఒక్కొక్కటిగా గీకి, అడుగున ఉన్న ఎర్ర ఇటుకను బయటికి తెచ్చారు. పని ఏళ్ళ తరబడి సాగింది. ఊరు ఆ దుమ్ముకు అలవాటుపడింది.

మంచు కరుగుతున్న ఒక శనివారం, మేస్త్రి తౌనో భార్య ఐలి సైమి బల్ల మీద పడుకుని ఉంది. ఐలి నోరు మూతపడేది కాదు.

"ఇంకొంచెం కింద, సైమక్కా. ఆఁ, అక్కడే. మా ఆయన్ని రుద్దమంటే గోడ గీకినట్టు గీకుతాడు."

"కోటలో చేసీ చేసీ పెళ్ళాం కూడా ఇటుకలా కనబడుతోందేమోనే," అంది పక్క బల్లావిడ.

"ఇటుకైతే నయమే తల్లీ! ఇటుకని మెత్తటి బ్రష్షుతో తుడుస్తాడు, ఊదుతాడు. నన్నెప్పుడన్నా ఊదాడా?"

బల్లలన్నీ నవ్వాయి. ఐలి మోచేతుల మీద లేచింది.

"నిన్న ఏం బయటపడిందో తెలుసా? పైన ఒక గదిలో సున్నం పొరలు తీస్తుంటే గోడ మీద బొమ్మ. ఎవరో గీకి గీసిన బొమ్మ. ఇల్లట, ఏతం అట, ఒడ్డున పడవట. పొగగొట్టమైతే ఇంటికంటే పెద్దదట! మేస్త్రులంతా దాని ముందే కాఫీ తాగి నవ్వుకున్నారట."

"రాజకుమారి గీసిందేమో."

"రాజకుమారికి ఏతం ఎందుకే, నీళ్ళు తోడుకోడానికా?"

సైమి బ్రష్షు ఆగింది.

"అయిపోయిందా అక్కా?"

"లేదు." మళ్ళీ రుద్దింది. నడుము దగ్గర రుద్దినచోటే రుద్దింది. తర్వాత అడిగింది, "మెట్ల పక్కన చెట్లున్నాయా?"

"చెట్లా? ఏమో మరి. ఆయన గోడలు చూస్తాడు గానీ చెట్లు చూడ్డు."

"ఎప్పటిదాకా ఉంటుందది?"

"సోమవారం దాకా. సోమవారం ఆ గోడే పనట. ఆర్కిటెక్టు వచ్చి చూసి, ఇది చరిత్ర కాదు, మురికి, తీసెయ్యండి అన్నాట్ట. అబ్బా, అక్కా! చర్మం ఊడొస్తోంది!"

సైమి బ్రష్షు కింద పెట్టి రెండు బకెట్ల నీళ్ళు పోసింది. ఐలి తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. గోడ పక్కన వంతు కోసం కూర్చున్న తెక్ల లేచి వచ్చి బల్ల మీద బోర్లా పడుకుంది. సైమి నురగ చేసింది. పాదాలు, పిక్కలు, తొడలు అయ్యాయి. వీపు దగ్గరికి వచ్చేసరికి తెక్ల చెంప బల్లకు ఆనించే మాట్లాడింది.

"అది నీదే కదా."

సైమి బ్రష్షును మళ్ళీ నురగలో ముంచింది.

"పొగగొట్టం అనగానే తెలిసింది నాకు."

నీళ్ళు నేల మీది కాలువలోకి పోయే చప్పుడు వినిపించింది.

"పైవాళ్ళు గీకించెయ్యమన్నారు అప్పుడు," అంది తెక్ల. "గీకితే గోడంతా మళ్ళీ పూయాలి. అంత సున్నం ఎక్కడుంది ఆ రోజుల్లో? అందుకని మీద ఒక పూత వేయించి ఊరుకున్నా."

"నా చేతే వేయించారు."

"నీ గోడ. నువ్వు కాక ఇంకెవరు వేస్తారు? గట్టిగా రుద్దు."

సైమి గట్టిగా రుద్దింది. వీపు ఎర్రబడింది.

"పోయి చూస్తావా?"

"చూడకూడదు కదండీ అమ్మగారూ."

తెక్ల భుజాలు కదిలాయి. నవ్వుతోందని తెలియడానికి కాసేపు పట్టింది. "ఫన్ని మాటేనా? ఇంకా పట్టుకుని తిరుగుతున్నావా అది? నేను కూడా విన్నాలే. రోజూ సాయంత్రం గేటు దాటాక తాళం పడిందో లేదోనని తిరిగి చూసేదాన్ని. రోజూ పొద్దున్నే పిలిచేది. కాబట్టి అబద్ధం అనను."

"మరింకేం?"

"దానికి ఎదురుగా నడిచిపోతూ చూస్తే అది వెనక్కి చూడటం ఎలా అవుతుంది? ముందుకి చూడటమే. తిరిగి వచ్చేటప్పటి సంగతి నీ ఇష్టం." తర్వాత అంది, "చాలు."

ఆదివారం కోటకు తాళం. సైమి గదిలో కూర్చుంది. కాఫీ పెట్టుకుంది, యాలకుల రొట్టె ముక్క ఒకటి ముంచుకుని తింది. కళ్ళు మూసుకుని ఇంటికి వెళ్ళబోయింది. పడవ వచ్చింది, బాట వచ్చింది, బావి వచ్చింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. గోడ మీద గీసిన ఇల్లు ఒకటుందని తెలిశాక మనసులోని ఇల్లు తలుపు తీయలేదు. పెరట్లో కట్టెల కొట్టం చూరు నుంచి మంచు నీరు చుక్కలుగా పడుతోంది. చీకటి పడేదాకా అది చూసింది.

సోమవారం తెల్లవారాక రుమాలు తలకు కట్టుకోకుండా మెడలో వేసుకుని బయల్దేరింది. ఒడ్డు దారిన స్నానశాల దాటి ముందుకు పోతే దారి కోటవైపు తిరుగుతుంది. అక్కడి నుంచి కోట ఎదురుగానే. అసలు బయటి నుంచి ఆ కోటను ఆమె సరిగ్గా చూసింది లేదు. తెచ్చిన రోజు మూసిన బండి, వాన. విడుదలైన రోజు దానికి వీపు. అందుకే అది ఆమెకు తెలియని భవనంలా ఉంది. అనుకున్నంత ఎత్తు లేదు. ఒక మూల పావురాల రెట్టతో తెల్లగా ఉంది.

గేటు దగ్గర తౌనో ఇసుక జల్లెడ పడుతున్నాడు.

"అక్కా, నువ్వా! ఏంటిలా? ఐలికి ఏమన్నా..."

"ఐలి బాగానే ఉంది. ఆ బొమ్మ చూడాలి."

తౌనో ఆమె మెడ వైపు చూశాడు. నేరుగా ఉండటానికి ప్రయత్నిస్తున్న మెడ. జల్లెడ కింద పెట్టాడు.

"రా. మెట్ల మీద ఇసుకుంది, జారుతుంది."

మెట్లు ఆమె కాళ్ళకు గుర్తే. వసారాకు తలుపులు లేవు. గదులు ఒకదానిలోంచి ఒకటి కనబడుతున్నాయి, ఎర్రగా, ఖాళీగా, తడి ఇటుక వాసనతో. ఆమె గదిలో ఒక గోడకే ఇంకా సున్నం ఉంది. మంచం కాళ్ళు నేల మీద చేసిన గుంటలు అలాగే ఉన్నాయి.

ఇల్లు రెండు అరచేతులంత ఉంది. ఇంకా పెద్దదనుకుంది ఆమె. గీతల్లో పాత మసి దిగి నల్లబడటం వల్ల స్పష్టంగా కనబడుతున్నాయి. పడవ కింద ఉంది. ఏతం బావి ఉంది. పొగగొట్టం నిజంగానే పెద్దది. మెట్లు ఉన్నాయి. భూర్జ చెట్లు రెండూ మెట్లకు కుడివైపున ఉన్నాయి.

సైమి చాలాసేపు చూసింది. దగ్గరికి వెళ్ళి చూసింది, వెనక్కి జరిగి చూసింది.

"తౌనో, ఇటు రా. నీళ్ళవైపు నుంచి ఇంటికి వచ్చేవాళ్ళకి ఈ చెట్లు ఏ పక్క?"

తౌనో చేతులు తుడుచుకుని బొమ్మ ముందు నిలబడ్డాడు. గోడను చూసినట్టే చూశాడు, కొలత వేస్తూ. "పడవ కిందుంది కదా. అంటే నీళ్ళు ఇక్కడ. ఇలా వస్తే కుడే."

"నాకు ఎడమని గుర్తు. ఇన్నేళ్ళూ ఎడమే."

"ఎవరైనా ఉన్నారా అడగడానికి?"

"లేరు."

తౌనో బొమ్మలో పడవ నుంచి మెట్ల దాకా వేలు నడిపాడు. తర్వాత గోడకు వీపు పెట్టి, గదిలోకి తిరిగి నిలబడ్డాడు, ఆ ఇంట్లోంచి ఇప్పుడే బయటికి వచ్చినవాడిలా. ఎడమ చెయ్యి చాపాడు.

"ఇలా అయితే ఎడమే అక్కా. ఇంట్లోంచి బయటికి వస్తుంటే చెట్లు నీకు ఎడమవైపుంటాయి. రెండూ నిజమే."

సైమి అతని చాచిన చెయ్యిని చూసింది. ఆవు తాడు, మంచు, మెట్ల పక్కన తన ఎడమ భుజానికి రాసుకున్న భూర్జ కొమ్మ గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళుగా వీపులు రుద్దుతూ ఆమె ఇంటికి పోవడం లేదు. ఇంట్లోంచి వచ్చేస్తూనే ఉంది.

తౌనో చెయ్యి దించాడు. "ఆర్కిటెక్టుకి చెప్పి చూడనా? ఈ కాస్త గోడ వదిలెయ్యమని. ఒప్పుకోకపోవచ్చు గానీ, అడిగితే పోయేదేముంది?"

"వదిలేస్తే ఏమని రాస్తారు దీని కింద?"

"ఏముంది, ఖైదీ గీసిన బొమ్మ అని రాస్తారు."

"వద్దు. గీకెయ్."

"కాఫీ తాగాక చేస్తాలే."

"ఇప్పుడే గీకెయ్. నేను కిందికి దిగాక."

మెట్లు దిగుతుంటే పైన ఇనుప రేకుతో సున్నం గీకే చప్పుడు మొదలైంది. ఏ గీత ముందు పోయిందో చప్పుడును బట్టి తెలియదు. ఆవరణ దాటింది. గేటు దాటింది. దారి మలుపు దాకా తల వంచుకుని నడిచింది. మలుపు దగ్గర ఆగింది. ఎడమవైపుకు మెడ తిరగలేదు, అందుకని మనిషి మొత్తం తిరిగింది.

కోట నిలబడి ఉంది. చువ్వలు తీసేసిన కిటికీలన్నీ ఒకేలా ఉన్నాయి. తన కిటికీ ఏదో ఆమెకు తెలియలేదు. అక్కడ ఉన్న రోజుల్లో బయటి నుంచి దాన్ని సరిగ్గా చూడలేదు కదా. మంచు విరిగిన చోట సరస్సు నల్లగా ఉంది. గీకుతున్న చప్పుడు ఇక్కడిదాకా రాదు. సైమి అక్కడ చాలాసేపు నిలబడింది. పాలవాడు దాటిపోతూ టోపీ ఎత్తాడు. ఆమె ఇంకా నిలబడే ఉంది, ఎవరో ఏదో అంటారని ఆగిన మనిషిలా. తర్వాత పనికి వెళ్ళిపోయింది.

శనివారం తెక్ల వచ్చింది. బల్ల మీద బోర్లా పడుకుంది. సైమి నురగ చేసింది.

"పోయావా?"

"పోయాను."

"తిరిగి వచ్చేటప్పుడు?"

"చూశాను."

తెక్ల తల తిప్పలేదు. బల్ల చెక్కకు ఆనిన చెంప అలాగే ఉంది. "పిలిచిందా?"

"లేదండీ, అమ్మగారూ."

పక్క బల్లల మీద ఎవరో పడవ పందాల గురించి మాట్లాడుతున్నారు.

"నన్నూ పిలవడం మానేసింది," అంది తెక్ల. "పింఛను మొదలైనప్పటి నుంచీ. పొద్దున్నే లేచి తయారై కూర్చుంటా. అలవాటు."

సైమి బ్రష్షు అందుకుంది.

"గట్టిగా రుద్దనా?"

"రుద్దు."

సైమి రుద్దింది. చేతులు ఇక్కడ పెట్టి, ఒడ్డున పడవ దగ్గర మొదలుపెట్టింది. బాట ఎక్కింది. బావి దాటింది. భూర్జ చెట్లను ఈసారి కుడివైపున ఉంచుకుని మెట్ల దాకా వెళ్ళింది. మధ్య మెట్టు కిర్రుమంది. తలుపు మూసి ఉంది. బొమ్మలో ఆమె తలుపు మూసే గీసింది.